వాషింగ్టన్ దాటిన హెడ్డాఫీసు: అమెరికా భూముల సంస్థ తరలింపు ఏం చెబుతోంది?

అమెరికాలో ప్రభుత్వ భూములు చూసే సంస్థ ఒకటుంది. పేరు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, క్లుప్తంగా బీఎల్ఎం. దాని హెడ్డాఫీసును రాజధాని వాషింగ్టన్ నుంచి కొలరాడో రాష్ట్రంలోని గ్రాండ్ జంక్షన్ అనే చిన్న పట్టణానికి మారుస్తున్నట్టు 2019 జులైలో ప్రకటించారు. దాంతోపాటు వాషింగ్టన్‌లో ఉన్న 328 పోస్టులను పశ్చిమ రాష్ట్రాలకు పంపాలనుకున్నారు. 2020 చివరికి లెక్క తీస్తే, ఆ పోస్టుల్లో ఉన్న 287 మంది రిటైరవడమో, వేరే ఉద్యోగం చూసుకోవడమో జరిగింది. కొత్త చోటికి వెళ్లడానికి ఒప్పుకున్నవాళ్లు 41 మంది. ఆ 41 మందిలోనూ గ్రాండ్ జంక్షన్‌కు వెళ్లినవాళ్లు ముగ్గురే. 2021 సెప్టెంబరులో హెడ్డాఫీసును మళ్లీ వాషింగ్టన్‌కే తెస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

రాజధానిలో అన్నీ పోగుపడ్డాయి, కొన్నింటినైనా బయటికి తీసుకెళ్లాలి అన్న మాట దాదాపు ప్రతి దేశంలోనూ వినిపిస్తుంది. అందులో న్యాయం ఉంది. ఉద్యోగాలు, జీతాలు, అధికారం ఒకే నగరంలో చేరితే మిగతా ప్రాంతాలు వెనకబడతాయని తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదు. ఒక సంస్థను కదిపినప్పుడు నిజంగా ఏం కదులుతుంది, ఏం కదలకుండా పోతుంది అన్నది వివరంగా చూడాలంటే బీఎల్ఎం కంటే స్పష్టమైన కేసు దొరకడం కష్టం.

ముందుగా ఆ సంస్థ పనేమిటో చూద్దాం. అమెరికాలో సుమారు 24.5 కోట్ల ఎకరాల ప్రభుత్వ భూమి బీఎల్ఎం చేతిలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే ఎంతవుతుందో దానికి మూడున్నర రెట్లు. ఇవి కాక దాదాపు 70 కోట్ల ఎకరాల్లో భూమి కింది ఖనిజాల హక్కులను కూడా ఇదే చూస్తుంది. పశువులు మేపుకోవడానికి పర్మిట్లు, చమురు, గ్యాస్ లీజులు, బొగ్గు, లిథియం గనులు, సౌర విద్యుత్ ప్లాంట్లకు స్థలాలు, అడవి గుర్రాల సంరక్షణ, కార్చిచ్చులు ఆర్పడం... ఇవన్నీ దీని పనులే. 1812 నాటి ల్యాండ్ ఆఫీసును, 1930లలో వచ్చిన మేత భూముల విభాగాన్ని కలిపి 1946లో ఈ సంస్థను ఏర్పాటు చేశారు.

ఈ భూమి దాదాపు మొత్తం అలాస్కాతో సహా 12 పశ్చిమ రాష్ట్రాల్లోనే ఉంది. నెవాడా రాష్ట్రంలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వానిది. అక్కడి రైతు పక్క కొండ మీద ఆవులు మేపుకోవాలన్నా, అక్కడి పంచాయతీ లాంటి కౌంటీ పాలకులు రోడ్డు వేయాలన్నా ఫెడరల్ సంస్థ అనుమతి కావాలి. ఆ సంస్థ పెద్దలేమో మూడు వేల కిలోమీటర్ల అవతల ఉంటారు. పశ్చిమ రాష్ట్రాల్లో ఈ అసంతృప్తి ఇవాళ్టిది కాదు. 1970ల చివర్లో ఫెడరల్ భూములను రాష్ట్రాలకు అప్పగించాలంటూ పెద్ద ఉద్యమమే నడిచింది. 2019లో హెడ్డాఫీసును పశ్చిమానికి తెస్తున్నామని, బీఎల్ఎం ఏ శాఖ కింద ఉందో ఆ ఇంటీరియర్ శాఖ మంత్రి డేవిడ్ బెర్న్‌హార్ట్ చెప్పినప్పుడు ఆయన వాదన సూటిగానే ఉంది: భూములు ఎక్కడుంటే నిర్ణయాలు తీసుకునేవాళ్లూ అక్కడే ఉండాలి, ఆ నిర్ణయాల ఫలితం అనుభవించే జనం మధ్యే బతకాలి. కొలరాడో సెనేటర్ కోరీ గార్డ్‌నర్ దీనికోసం గట్టిగా పట్టుబట్టారు.

ఈ వాదనలో కనబడని విషయం ఒకటుంది. బీఎల్ఎంలో ఉన్న సుమారు పది వేల మంది ఉద్యోగుల్లో దాదాపు 97 శాతం మంది అప్పటికే వాషింగ్టన్ బయట పనిచేస్తున్నారు. మేత పర్మిట్ ఇచ్చే అధికారి, లీజు భూమిని పరిశీలించే ఇంజినీరు, గుర్రాలను లెక్కపెట్టే సిబ్బంది అందరూ రాష్ట్రాల్లోని ఆఫీసుల్లోనే ఉన్నారు. కార్చిచ్చులను ఎదుర్కొనే జాతీయ కేంద్రం ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో ఉంది. సాంకేతిక, పరిపాలనా సేవలు అందించే జాతీయ కార్యకలాపాల కేంద్రం డెన్వర్ దగ్గర ఉంది. అంటే రాజధానిలో ఉండాల్సిన అవసరం లేని పనులను ఆ సంస్థ దశాబ్దాలుగా ఒక్కొక్కటిగా బయటికి పంపుతూనే వచ్చింది. 2019 నాటికి వాషింగ్టన్‌లో మిగిలింది 3 శాతం మంది.

ఆ 3 శాతం చేసే పనేమిటి? బడ్జెట్ తయారుచేసి అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ కమిటీల ముందు సమర్థించుకోవడం. సభ్యులు అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపడం. దేశం మొత్తానికి వర్తించే నిబంధనలు రాయడం, వాటిని న్యాయ విభాగంతో సరిచూసుకోవడం. ఒక చమురు లీజు వల్ల అంతరించిపోతున్న పక్షికి ముప్పు ఉందనుకుంటే వన్యప్రాణి సంస్థతో కూర్చుని మాట్లాడటం. పక్కనే జాతీయ పార్కు ఉంటే పార్కుల సంస్థతో ఒప్పందానికి రావడం. ఈ సంస్థలు, కమిటీలు, బడ్జెట్ అధికారులు అందరూ వాషింగ్టన్‌లోనే ఉన్నారు. రైతుకూ రాజధానికీ మధ్య దూరం తగ్గించాలన్న ఉద్దేశంతో, రాజధానిలో ఆ రైతు ప్రాంతం తరఫున మాట్లాడే మనుషులనే అక్కడి నుంచి పంపించేశారు. మిగతా సంస్థలు గదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే బీఎల్ఎం ఫోన్ లైనులో ఉండాల్సి వస్తుంది. బడ్జెట్ కేటాయింపుల సమయంలో ఈ తేడా ఎంత పెద్దదో సచివాలయాల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు.

పైగా ఇది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జరిగిన మార్పు కూడా కాదు. మొదటి ప్రకటన ప్రకారం గ్రాండ్ జంక్షన్‌కు వెళ్లాల్సినవి 27 పోస్టులే. డైరెక్టరు, ఆయన దగ్గరి సీనియర్ అధికారులు అక్కడ ఉంటారు. మిగతా పోస్టులు డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, రీనో, ఫీనిక్స్, బోయిసీ లాంటి నగరాల్లోని రాష్ట్ర ఆఫీసులకు చెదిరిపోతాయి. కాంగ్రెస్‌తో, బడ్జెట్‌తో సంబంధమున్న ఓ అరవై పోస్టులు మాత్రం వాషింగ్టన్‌లోనే ఉంటాయి. నిన్నటిదాకా ఒకే ఫ్లోర్‌లో కూర్చుని ఫైలు మీద చర్చించుకున్నవాళ్లు రేపటి నుంచి వేర్వేరు టైమ్ జోన్లలో ఉంటారు. దీన్ని తరలింపు అనడం కంటే విడగొట్టడం అనడమే సరైనది. రాష్ట్ర ఆఫీసులు చేసే నిర్ణయాలను సరిచూడాల్సిన నిపుణులను ఆ రాష్ట్ర ఆఫీసుల్లోనే కూర్చోబెట్టడం వల్ల పర్యవేక్షణ కూడా మెత్తబడుతుందన్న అనుమానం అప్పుడే వ్యక్తమైంది.

గ్రాండ్ జంక్షన్ ఎంపిక మీద కూడా కొంత చెప్పుకోవాలి. సుమారు 65 వేల జనాభా ఉన్న ఆ పట్టణం నుంచి డెన్వర్‌కు కారులో నాలుగు గంటల ప్రయాణం. నేరుగా వెళ్లే విమానాలు తక్కువ. సాల్ట్ లేక్ సిటీ, డెన్వర్ లాంటి చోట్ల బీఎల్ఎంకు పెద్ద ఆఫీసులు ఉండగా, పశ్చిమంలోని చాలా రాష్ట్రాలకు వెళ్లాలంటే మధ్యలో విమానం మారాల్సిన ఊరిని ఎంచుకోవడానికి పరిపాలనా కారణం కనబడదు. అద్దెకు తీసుకున్న భవనంలో షెవ్రాన్ చమురు కంపెనీ ఆఫీసు, ప్రాంతీయ చమురు, గ్యాస్ సంఘం ఆఫీసు కూడా ఉన్నాయి. లీజులు ఇచ్చే సంస్థ, లీజులు తీసుకునే కంపెనీ ఒకే లిఫ్ట్ వాడుకుంటే తప్పు జరిగి తీరుతుందని కాదు. కానీ జనానికి దగ్గర కావడం అన్న మాటకు అర్థం ఏ జనానికి అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. చిన్న పట్టణంలో నియంత్రణ సంస్థకు ఎక్కువగా ఎదురయ్యేది ఆ సంస్థతో డబ్బు పని ఉన్నవాళ్లే. అదే భూమిలో నడిచే పర్యాటకుడికీ, ఆ భూమి మీద పూర్వపు హక్కులున్న ఆదివాసీ తెగలకూ అంత సులువుగా తలుపు తట్టే వీలుండదు.

అమలు చేసిన తీరు ఇంకా దారుణం. 2019 నవంబరులో ఉద్యోగులకు లాంఛనంగా బదిలీ నోటీసులు ఇచ్చారు. వెళతారో లేదో చెప్పడానికి 30 రోజుల గడువు పెట్టారు. ఇరవై ఏళ్లుగా వాషింగ్టన్ పరిసరాల్లో ఉంటున్న మనిషికి అక్కడ ఇల్లు, దాని మీద లోను, భార్యకో భర్తకో ఉద్యోగం, హైస్కూల్లో చదివే పిల్లలు, వైద్యం నడుస్తున్న తల్లిదండ్రులు ఉంటారు. చిన్న పట్టణంలో దంపతులిద్దరికీ వాళ్ల చదువుకు తగిన ఉద్యోగం దొరకడం చాలా కష్టం. ఈ లెక్కలన్నీ వేసుకుని నెలలో తేల్చమంటే, సగటు మనిషి ఏ జవాబిస్తాడో ఊహించడానికి పెద్ద అధ్యయనం అక్కర్లేదు.

ఇలాంటప్పుడు ముందుగా వెళ్లిపోయేది ఎవరన్నది ముఖ్యం. పని రానివాళ్లు, బయట గిరాకీ లేనివాళ్లు వెళ్లరు. రిటైర్మెంట్ అర్హత వచ్చిన సీనియర్లు, పక్క శాఖ పిలిచి ఉద్యోగం ఇచ్చేంత నైపుణ్యం ఉన్నవాళ్లు ముందు వెళతారు. వాషింగ్టన్‌లో ఫెడరల్ ఆఫీసులు వీధికొకటి ఉంటాయి. పర్యావరణ చట్టం తెలిసిన నిపుణుడు ఇల్లు మారకుండా, మెట్రోలో ఇంకో స్టేషన్‌లో దిగి వేరే సంస్థలో చేరిపోగలడు. కాబట్టి తరలింపులో సంస్థ పోగొట్టుకునేది సగటు ఉద్యోగిని కాదు, సగటు కంటే మెరుగైనవాళ్లను.

అమెరికా కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే జీఏవో, అంటే మన కాగ్ లాంటి సంస్థ, దీన్ని రెండుసార్లు పరిశీలించింది. 2020 మార్చి నివేదికలో, పెద్ద మార్పు చేసేటప్పుడు పాటించాల్సిన పద్ధతులను బీఎల్ఎం సరిగా పాటించలేదని, సిబ్బంది విషయంలో దీర్ఘకాలిక ప్లాన్ లేదని తేల్చింది. 2021 నవంబరు నివేదిక ఫలితాలను చూపించింది. హెడ్డాఫీసులో ఖాళీలు బాగా పెరిగాయి. ఒకరి పని ఇంకొకరికి తాత్కాలికంగా అప్పగించి నెట్టుకొచ్చారు. పాతికేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్ల వాటా 24 శాతం నుంచి 17 శాతానికి పడిపోయింది. నల్లజాతి ఉద్యోగుల వాటా 21 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది. ఈ చివరి అంకె వెనక కారణం ఉంది. వాషింగ్టన్ ప్రాంతంలో నల్లజాతి మధ్యతరగతి ఎదుగుదలకు ఫెడరల్ ఉద్యోగం ఒక ప్రధానమైన మెట్టు. ఆ ఉద్యోగాన్ని నల్లవాళ్లు అతి తక్కువగా ఉండే పశ్చిమ పట్టణానికి మార్చితే, ఎవరి మీదా ప్రత్యేకంగా గురిపెట్టకపోయినా దెబ్బ తగిలేది ఎవరికో ముందే తెలుస్తుంది. తెలిసీ లెక్కలోకి తీసుకోకపోవడం తప్పే.

అదే సమయంలో సంస్థకు సెనేట్ ఆమోదించిన డైరెక్టరు లేరు. విలియం పెరీ పెండ్లీ తాత్కాలికంగా బాధ్యతలు చూశారు. ఆయన 424 రోజుల పాటు చట్టవిరుద్ధంగా ఆ పదవిలో కొనసాగారని మోంటానాలోని ఫెడరల్ కోర్టు 2020 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. సరైన అధిపతి లేని సంస్థలో ఇంత పెద్ద మార్పుకు జవాబుదారీ ఎవరు? ఈ ప్రశ్నకు అప్పుడూ జవాబు లేదు.

ఇక్కడ గ్రాండ్ జంక్షన్ ప్రజల కోణం వదిలేస్తే అన్యాయమవుతుంది. చమురు ధరలు పెరిగితే కళకళలాడుతూ, పడిపోతే వెలవెలబోతూ వచ్చిన ఊరది. నిలకడైన జీతాలతో, చదువుకున్న కుటుంబాలతో ఒక జాతీయ కార్యాలయం వస్తుందంటే వాళ్లు ఆశపడటంలో తప్పేముంది? ఈ ఆశ ఒక్క పార్టీది కూడా కాదు. 2020 ఎన్నికల్లో గార్డ్‌నర్‌ను ఓడించిన డెమొక్రాట్ జాన్ హికెన్‌లూపర్ కూడా, తరలించిన తీరును తప్పుపడుతూనే, ఆఫీసు కొలరాడోలోనే ఉండాలని కోరారు. కొత్త ఇంటీరియర్ మంత్రి డెబ్ హాలండ్‌ను 2021 జులైలో ఆ ఊరికి రప్పించారు. సెప్టెంబరులో ఆమె చేసిన నిర్ణయం రెండింటికీ మధ్యస్థంగా ఉంది: డైరెక్టరు, కీలక పదవులు వాషింగ్టన్‌లో ఉంటాయి. గ్రాండ్ జంక్షన్ ఆఫీసును పశ్చిమ ప్రాంత ప్రధాన కార్యాలయంగా కొనసాగిస్తారు. అప్పటికే పశ్చిమానికి వెళ్లినవాళ్లను మళ్లీ కదలమని బలవంతం చేయరు. మొదట మోసపోయింది ఉద్యోగులైతే, రెండోసారి మోసపోయింది ఆ పట్టణం. జాతీయ హెడ్డాఫీసు ఆశ చూపించి, చివరికి ప్రాంతీయ ఆఫీసుతో సరిపెట్టారు.

హెడ్డాఫీసు వాషింగ్టన్‌కు తిరిగి రావడంతో నష్టం పూడలేదు. బోర్డు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. 287 మందితో పాటు వెళ్లిపోయిన జ్ఞానం ఉత్తర్వుతో రాదు. 1990లలో ఫలానా లోయలో మేత హద్దులు ఎందుకు అలా గీశారు, ఫలానా నిబంధనలో ఆ ఒక్క వాక్యం ఏ కోర్టు కేసు వల్ల చేరింది, ఏ తెగతో ఏ మాట ఇచ్చారు... ఇలాంటివి ఫైళ్లలో సగమే ఉంటాయి, మిగతా సగం మనుషుల్లో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా దాన్ని నేర్చుకోవడానికి పక్క సీట్లో ఒక సీనియర్ ఉండాలి. ఆ సీనియర్లే లేకుండా పోయారు.

బీఎల్ఎం ఒక్కటే అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. అదే 2019లో అమెరికా వ్యవసాయ శాఖ తన ఆర్థిక పరిశోధన సంస్థను, వ్యవసాయ పరిశోధనలకు గ్రాంట్లు ఇచ్చే సంస్థను కాన్సస్ సిటీకి మార్చింది. అక్కడా జూన్‌లో ఊరి పేరు చెప్పి, జులై మధ్యకల్లా వస్తారో రారో తేల్చమన్నారు. అక్కడా ఎక్కువమంది రామన్నారు. ఆ ఆగస్టులో అప్పటి వైట్ హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ బాధ్యతలు చూస్తున్న మిక్ మల్వేనీ సౌత్ కరోలినాలో ఒక పార్టీ సభలో మాట్లాడుతూ, ఫెడరల్ ఉద్యోగిని తీసేయడం దాదాపు అసాధ్యమని, వాషింగ్టన్ బయటికి వెళ్లమంటే వాళ్లే మానేశారని, ప్రభుత్వాన్ని సన్నబరచడానికి ఇదో అద్భుతమైన దారని అన్నారు. రైతుకు దగ్గర కావడం అని పైకి చెప్పిన కారణానికీ, ఈ మాటకీ పొంతన లేదు. ఉద్యోగులను తగ్గించడం ప్రభుత్వం చేయకూడని పనేమీ కాదు. కానీ తగ్గించదలిస్తే ఎవరి పని అవసరం, ఎవరిది కాదు అని చూసి తగ్గించాలి. తరలింపుతో తగ్గిస్తే ఎవరు పోవాలో సంస్థ కాకుండా వాళ్ల ఇంటి పరిస్థితులు నిర్ణయిస్తాయి.

ఆ రెండు సంస్థల మీద జీఏవో 2022 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో రెండు వైపులా ఉంది. తరలింపు తర్వాత పరిశోధన నివేదికలు తగ్గాయి, గ్రాంట్ల పరిశీలనకు ఎక్కువ సమయం పట్టింది. రెండేళ్లకు సిబ్బంది సంఖ్య, పని వేగం చాలావరకు కోలుకున్నాయి. అయితే ఆ సిబ్బందిలో ఎక్కువమంది కొత్తవాళ్లు, అనుభవం తక్కువ. కాబట్టి తరలిస్తే సంస్థ చచ్చిపోతుందన్న వాదన కూడా సరికాదు. బతుకుతుంది, మళ్లీ మొదటి నుంచి ఎదగాల్సి ఉంటుంది. ఆ మధ్య రెండు మూడేళ్ల ఖరీదును ముందే లెక్కలో రాయాలి. తరలింపు లాభాల జాబితాలో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

ఆస్ట్రేలియాలో పురుగుమందులకు, పశువుల మందులకు అనుమతులిచ్చే సంస్థది ఇదే కథ. కాన్‌బెరా నుంచి దాన్ని ఆర్మిడేల్ అనే పట్టణానికి మార్చాలని 2016లో ఆదేశించిన మంత్రి బార్నబీ జాయిస్ సొంత నియోజకవర్గంలోనే ఆ పట్టణం ఉంది. ఖర్చు 2.56 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లని ప్రభుత్వమే చేయించిన అధ్యయనం చెప్పినా ఆగలేదు. ఆఫీసు సిద్ధం కాకముందే పంపించిన సిబ్బంది కొందరు అక్కడి మెక్‌డొనాల్డ్స్ వైఫై మీద పనిచేశారని 2017లో పార్లమెంటు కమిటీ ముందు బయటపడింది. కొత్త పురుగుమందును పరిశీలించే శాస్త్రవేత్త తయారవడానికి ఏళ్లు పడుతుంది. ఆ శాస్త్రవేత్తలు వెళ్లిపోతే మందు కోసం ఎదురుచూసే రైతే నష్టపోతాడు.

బ్రిటన్‌లో రెండు ఉదాహరణలను పక్కపక్కన పెడితే అసలు తేడా తెలుస్తుంది. జాతీయ గణాంకాల సంస్థను లండన్ నుంచి వేల్స్‌లోని న్యూపోర్ట్‌కు మార్చినప్పుడు లండన్ సిబ్బందిలో సుమారు 90 శాతం మంది వెళ్లలేదు. ఆర్థిక గణాంకాల నాణ్యత దీనివల్ల దెబ్బతిన్నదని 2016లో ఆర్థికవేత్త చార్లెస్ బీన్ చేసిన సమీక్ష తేల్చింది. అదే వేల్స్‌లోని స్వాన్సీలో డ్రైవింగ్ లైసెన్సుల కేంద్ర కార్యాలయం అర్ధ శతాబ్దానికి పైగా నడుస్తోంది. తేడా ఎక్కడుంది? స్వాన్సీకి వెళ్లింది అంతకుముందు లండన్‌లో పాతుకుపోయిన ఆఫీసు కాదు. స్థానిక కౌన్సిళ్లు విడివిడిగా చేసే పనిని ఒకచోటికి తెచ్చినప్పుడు కొత్తగా పెట్టిన ఆఫీసు అది. అక్కడి మనుషులనే చేర్చుకుని పని నేర్పారు.

పుట్టించడం వేరు, పెకలించి నాటడం వేరు. మన దేశంలో ఈ మొదటి పద్ధతి బాగా నడిచింది. పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పుడే దాని ప్రధాన కార్యాలయం గుంటూరులో పెట్టారు. రబ్బరు బోర్డు కొట్టాయంలో, కాఫీ బోర్డు బెంగళూరులో, సుగంధ ద్రవ్యాల బోర్డు కొచ్చిలో ఉన్నాయి. 2025లో మొదలైన జాతీయ పసుపు బోర్డుకు నిజామాబాద్ కేంద్రమైంది. పంట ఉన్నచోట బోర్డు ఉండాలన్న ఆలోచన అమెరికా మంత్రులు 2019లో చెప్పినదే. కానీ ఢిల్లీలో ముప్పై ఏళ్లు నడిచిన ఆఫీసును విడదీసి తెచ్చినవి కావు కాబట్టి వీటికి ఆ బాధ లేదు. గుంటూరులో చేరే ఉద్యోగికి అది గుంటూరు ఉద్యోగమని చేరేరోజే తెలుసు.

పెకలించి నాటాల్సి వస్తే ఎలా ఉంటుందో కూడా తెలుగువాళ్లు చూశారు. అది రాజధానికి దూరంగా కాదు, రాజధాని వెంటే జరిగిన తరలింపు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కార్యాలయాలు హైదరాబాద్ నుంచి అమరావతికి వచ్చాయి. వారానికి ఐదు రోజుల పని, హైదరాబాద్‌లో ఇచ్చిన 30 శాతం ఇంటి అద్దె అలవెన్సు కొనసాగింపు, రాకపోకలకు ప్రత్యేక రైలు ఏర్పాటు చేశారు. అన్నింటికన్నా ముఖ్యమైనది పిల్లల స్థానికత. తెలంగాణ నుంచి నిర్ణీత గడువులోగా వచ్చినవారి పిల్లలను ఆంధ్రప్రదేశ్‌లో స్థానికులుగా పరిగణించేలా రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించారు. ఎంసెట్ సీటు, రేపటి ఉద్యోగం దాని మీదే ఆధారపడ్డాయి కాబట్టి, ఆ హామీ లేకుండా ఎన్ని అలవెన్సులు ఇచ్చినా కుటుంబాలు కదిలేవి కావు. ఆ హామీ ఉన్నా చాలా కుటుంబాలు హైదరాబాద్‌లోనే ఉండిపోయి, ఉద్యోగులు శుక్రవారం సాయంత్రం రైలెక్కుతూ వచ్చారు. అయినా ఉద్యోగి కదలాలంటే అతని ఇంట్లో ఏ ప్రశ్న పరిష్కారం కావాలో ఆ ప్రభుత్వం అడిగి తెలుసుకుంది. బీఎల్ఎం విషయంలో ఆ ప్రశ్న అడగనేలేదు.

కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వివాదం ఇంకోటి. బోర్డు ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి బోర్డుది తెలంగాణలో ఉండాలని 2014 విభజన చట్టం 85వ సెక్షన్ చెప్పింది. కృష్ణా బోర్డు మాత్రం ఏళ్లపాటు హైదరాబాద్‌లోనే నడిచింది. దాన్ని ఆంధ్రప్రదేశ్‌కు మార్చాలని 2020 అక్టోబరులో కేంద్ర జలశక్తి మంత్రి, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఉండే అపెక్స్ కౌన్సిల్ నిర్ణయించాక, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం విశాఖపట్నం పేరు ప్రతిపాదించింది. కృష్ణా పరీవాహక ప్రాంతంలోనే లేని నగరానికి కృష్ణా బోర్డు ఎందుకని రాయలసీమ, కృష్ణా డెల్టా రైతు సంఘాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. కర్నూలులో పెట్టాలన్న డిమాండూ వచ్చింది. శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్ల దగ్గర నీటి లెక్క తేల్చాల్సిన సంస్థకు ఊరు ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఆ జలాశయాలను. విశాఖ ప్రతిపాదనలో బోర్డు చేసే పని కంటే అప్పటి రాజధాని రాజకీయమే ఎక్కువ కనబడింది. గ్రాండ్ జంక్షన్, ఆర్మిడేల్ ఎంపికల్లో కనబడింది కూడా ఇదే. ఊరు ముందు నిర్ణయమైపోతుంది, కారణాలను తర్వాత వెతుకుతారు.

అమెరికాలో ఈ ప్రయత్నం ఆగలేదు. 2025 జులై 24న వ్యవసాయ శాఖ మంత్రి బ్రూక్ రాలిన్స్ ఇంకా పెద్ద ప్లాన్ ప్రకటించారు. వాషింగ్టన్ ప్రాంతంలో ఉన్న సుమారు 4,600 మందిలో సగానికి పైగా ఉద్యోగులను రాలీ, కాన్సస్ సిటీ, ఇండియానాపొలిస్, ఫోర్ట్ కాలిన్స్, సాల్ట్ లేక్ సిటీలకు పంపి, రాజధానిలో రెండు వేల మందికి మించకుండా చూడాలన్నది లక్ష్యం. ఈ శాఖలోనూ దాదాపు 90 శాతం మంది ఇప్పటికే వాషింగ్టన్ బయట ఉన్నారు. ఈసారి చిన్న పట్టణాలను కాకుండా, దంపతులిద్దరికీ ఉద్యోగం దొరికే అవకాశమున్న నగరాలను ఎంచుకోవడం ఒక మెరుగుదల. మిగతాది అమలులో తెలియాలి. ఉద్యోగికి ఇచ్చే గడువు నెలా, ఏడాదా? వెళ్లలేనివాళ్లు కొత్తవాళ్లకు పని నేర్పేదాకా ఉండే ఏర్పాటు ఉందా? ఎంతమంది మానేస్తారన్న అంచనాను కాంగ్రెస్ ముందు పెట్టారా? కాన్సస్ సిటీలో 2019లో మానేసినవాళ్ల స్థానంలో చేరి, ఆరేళ్లుగా పని నేర్చుకున్న సిబ్బంది అనుభవాన్ని ఎవరైనా అడిగారా? ఈ నాలుగింటికీ జవాబులు రాతపూర్వకంగా, బదిలీ నోటీసు కంటే ముందు వస్తేనే దాన్ని తరలింపు ప్లాన్ అనొచ్చు.